ఏరేటర్ ఆపినా చెరువు తిరిగితే?

గత సంచికలో ఫ్యూజన్ గురించి, అంటే సూర్యుడిలో లాగా తేలిక కేంద్రకాల్ని కలిపి శక్తి పుట్టించడం గురించి, నాలుగు ముక్కలు రాస్తే, డెల్టా నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ జవాబు రాయాలంటే పత్రికంతా నాకే ఇచ్చేయాలి, ఎడిటర్ గారు ఒప్పుకోరు. ఈసారి ప్లాస్మా (ఎలక్ట్రాన్లు ఊడిపోయేంత వేడెక్కిన వాయువు) గిరగిరా తిరగడం గురించి అడిగిన వాళ్లవి మాత్రం తీసుకున్నాను. ఒక దిద్దుబాటు కూడా ఉంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే ఫ్యూజన్ యంత్రంలో ప్లాస్మా వేడి 1.5 కోట్ల డిగ్రీలని రాశాను. అది సూర్యుడి నడిబొడ్డున ఉండే వేడి. ఐటర్‌లో కావాల్సింది దానికి పదింతలు, 15 కోట్ల డిగ్రీలు. ఒక్క సున్నా మింగేసినందుకు నలుగురు ఫోన్ చేసి మరీ తిట్టారు, న్యాయమే.

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గరండి, నాలుగెకరాల రొయ్యల చెరువు. టోకమాక్‌లో ప్లాస్మాని పక్కనుంచి బీముతో కొట్టి తిప్పుతారని రాశారు, అది చదవగానే మా ఏరేటర్లు గుర్తొచ్చాయి. ఆ తర్వాత "బీము లేకపోయినా కొన్నిసార్లు తిరుగుతుంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఏరేటర్ ఆపేశాక చెరువు దానంతటది తిరిగితే మా ఊళ్లో దెయ్యం అంటారు. మీ సైంటిస్టులు ఏమంటారు?
(ఒక రొయ్యల రైతు, ఆకివీడు)

జవాబు: వాళ్లూ మొదట్లో తల గోక్కున్నారండి. మీ చెరువు పోలిక చాలా బాగుంది, కాసేపు దాన్నే పట్టుకుని వెళ్దాం. చెరువులో చక్రాల ఏరేటర్లని ఒకే వరసలో, ఒకే వైపు తోసేలా పెడతారు కదా, నీరు గట్టు వెంట తిరిగి మడ్డి అంతా మధ్యకి చేరుతుంది. టోకమాక్ అంటే గారె ఆకారంలో ఉండే గది, అందులో అయస్కాంతాల మధ్య వేలాడే ప్లాస్మా. దాన్ని వేడి చేయడానికి చాలా వేగంగా పోయే డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పరమాణువుల్ని పక్కనుంచి లోపలికి కొడతారు. వాటికి విద్యుదావేశం ఉండదు కాబట్టి అయస్కాంతాలు అడ్డుకోలేవు. లోపలికి వెళ్లాక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయానులై, వేడితో పాటు తమ తోపు కూడా ప్లాస్మాకి ఇచ్చేస్తాయి. అదే న్యూట్రల్ బీమ్, అదే మీ ఏరేటర్. ఆ తోపుకి ప్లాస్మా సెకనుకి వంద కిలోమీటర్లు దాటి తిరుగుతుంది, అంటే ఒక్క సెకనులో రాజమండ్రి నుంచి కాకినాడ దాటి సముద్రంలో పడేంత వేగం.

ఇంతవరకూ వింతేమీ లేదు. అమెరికాలో ఎంఐటీ వాళ్లకి ఆల్కేటర్ సీ-మాడ్ అని ఒక చిన్న టోకమాక్ ఉండేది, 2016లో ఆపేశారు. అందులో వేడి కోసం వాడింది రేడియో తరంగాల్ని. అవి వేడి చేస్తాయే గానీ చెప్పుకోదగ్గ తోపు ఇవ్వవు. మన భాషలో చెప్పాలంటే చెరువులో ఏరేటరే లేదు, కింద పొయ్యి పెట్టి నీళ్లు కాచారంతే. అయినా ప్లాస్మా తిరిగింది! జాన్ రైస్ అనే ఆయన, ఆయనతో పనిచేసిన వాళ్లు ఏళ్ల తరబడి దీన్నే కొలిచారు. ప్లాస్మాకి హెచ్-మోడ్ అని ఒక మంచి స్థితి ఉంది, 1982లో జర్మనీలో ఆస్డెక్స్ యంత్రం మీద బయటపడింది, ఆ స్థితిలో వేడి బయటికి కారడం బాగా తగ్గిపోతుంది. ఆ స్థితిలోకి వెళ్లగానే తిరగడం కూడా పెరుగుతోందనీ, ఎంత పెరిగిందీ అనేది లోపల నిలవున్న శక్తి ఎంత పెరిగిందో దాన్ని బట్టి, ప్లాస్మాలో పారే కరెంటుకి విలోమంగా ఉంటోందనీ వాళ్లు గమనించారు. 2007లో వేరే యంత్రాల కొలతలు కూడా పక్కన పెట్టి చూస్తే అదే పోకడ కనిపించింది. దీనికి దెయ్యం అని పేరు పెట్టలేదు, సహజ భ్రమణం అన్నారు, పేరు పెట్టినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదనుకోండి.

కారణం ఏంటయ్యా అంటే, నాకు అర్థమైనంత వరకు మజ్జిగ చిలకడంతో చెబుతాను. కవ్వానికి తాడు కట్టి లాగుతుంటే అది ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. రెండు లాగుళ్లూ సమానమైతే కుండలో మజ్జిగ అల్లకల్లోలం అవుతుంది తప్ప ఒకే వైపు తిరగదు. లాగే మనిషి కుడి చెయ్యి కాస్త బలంగా ఉందనుకోండి, కాసేపటికి మజ్జిగ మొత్తం ఒక పక్కకి తిరగడం మొదలవుతుంది. ప్లాస్మా మధ్యలో కోట్ల డిగ్రీల వేడి, అంచున అంతకంటే చాలా చల్లన. ఆ తేడా వల్ల లోపల ఎప్పుడూ చిన్న చిన్న సుడులు పుడుతూ ఉంటాయి. సుడులన్నీ అటూ ఇటూ సమానంగా ఉంటే మొత్తం మీద తోపు సున్నా. అవి ఒక పక్కకి వాలితే మాత్రం మిగులు తోపు ఒకటి తయారవుతుంది. మరి ఎదురు తోపు ఎవరు భరిస్తున్నారంటారా? గోడలు, అయస్కాంతాలు కట్టిన చట్రం. ప్లాస్మా ఎంత తిరిగినా లెక్క బ్యాలెన్స్ అవ్వాల్సిందే, న్యూటన్ ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు.

ఇంతకీ ఇది ఎందుకు కావాలంటే, తిరగకుండా నిలబడిపోయిన ప్లాస్మా ప్రమాదం. అయస్కాంతాల అమరికలో వెంట్రుకవాసి తేడా ఉన్నా అది లోపలి వంకరల్ని పట్టుకుని ఆపేస్తుంది, అలా ఆగితే ప్లాస్మా ఒక్కసారిగా కూలిపోవచ్చు. ఒక పొర వేగంగా, పక్క పొర నెమ్మదిగా తిరుగుతుంటే ఇందాక చెప్పిన సుడులు సాగి చిరిగిపోతాయి, వేడి లోపలే నిలుస్తుంది. (గోదావరిలో వరదప్పుడు ఇలాంటి వేగాల తేడాయే సుడిగుండాలు పుట్టిస్తుంది, ఇక్కడ అదే సుడుల్ని చంపుతుంది. ప్లాస్మా సుడులకి తిండి వేగాల తేడా కాదు, వేడి తేడా. కాబట్టి నీళ్ల పోలికని ఇక్కడితో ఒడ్డున వదిలేద్దాం.) ఐటర్‌లో 33 మెగావాట్ల బీములు పెడుతున్నారు, వాటి పరమాణువుల శక్తి పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఇప్పటి పెద్ద యంత్రాల్లో అది సుమారు లక్ష. శక్తి పది రెట్లయితే పరమాణువు వేగం మూడు రెట్ల పైచిలుకే పెరుగుతుంది, అంటే ఒక్కో మెగావాటుకి వచ్చే తోపు మూడో వంతుకి పడిపోతుంది. పైగా ప్లాస్మా చూస్తే 800 ఘనమీటర్ల పైమాటే. మీ నాలుగెకరాల ఏరేటర్లు తీసుకెళ్లి కొల్లేరులో పెట్టినట్టు ఉంటుంది. అందుకే దానంతటది ఎంత తిరుగుతుందో ముందే లెక్క కట్టగలగాలి. రాత్రిపూట కరెంటు పోతే మీకొచ్చే టెన్షనే వాళ్లకీ, ప్లాస్మాని తిప్పడానికి జనరేటర్ లాంటిదేదీ వాళ్ల దగ్గర ఉండదు.

ప్రశ్న: నేను అమలాపురంలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. కోట్ల డిగ్రీల ప్లాస్మాలో ఏ పరికరం పెట్టినా ఆవిరైపోతుంది కదా సార్, మరి వేగం ఎలా కొలుస్తారు? ఇంకో డౌట్, ఇంధనం డ్యుటీరియం అయితే కొలతలన్నీ కార్బన్‌వి అని ఎందుకు రాస్తారు?
(ఒక విద్యార్థిని)

జవాబు: రెండో డౌట్ అసలైన డౌట్ అమ్మా. ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదువు.

వెలుగుని చూసి కొలుస్తారు. ఈ విద్యకి మన ఆంధ్రతో సంబంధం ఉంది తెలుసా? 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి జాన్సెన్ అనే ఫ్రెంచాయన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగుని విడగొట్టి చూస్తే ప్రకాశించే గీతలు కనిపించాయి, దాంతో అవి వాయువు మంటలని తేలింది. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం అనే కొత్త మూలకం దాకా తీసుకెళ్లింది. టోకమాక్ వాళ్లు చేసేదీ అదే పని, కాకపోతే గీత ఎక్కడుందో కాదు, ఎంత జరిగిందో చూస్తారు. మన వైపు వచ్చే వస్తువు వెలుగు నీలం వైపు, దూరంగా పోయేదాని వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది, డాప్లర్ 1842లో చెప్పిందే.

ఇప్పుడు కార్బన్ సంగతి. యంత్రం గోడలకి కార్బన్ పలకలు ఉంటే కొద్దిగా కార్బన్ ప్లాస్మాలో కలుస్తుంది. మధ్యలో ఉండే వేడికి దాని ఆరు ఎలక్ట్రాన్లూ ఊడిపోతాయి. ఎలక్ట్రానే లేని అయాను గీతల వెలుగు ఇవ్వలేదు. అప్పుడు బీములోంచి వచ్చే పరమాణువు దానికి ఒక ఎలక్ట్రాన్ అప్పిస్తుంది. ఆ ఎలక్ట్రాన్ పై మెట్టు నుంచి కిందికి దిగుతూ 529 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ వెలుగు ఇస్తుంది. బీము దారి తెలుసు కాబట్టి, ఆ వెలుగు ఏ చోటు నుంచి వచ్చిందో కూడా తెలిసిపోతుంది. లెక్క నువ్వే వేసుకో: సెకనుకి 100 కిలోమీటర్ల వేగానికి గీత 0.18 నానోమీటర్లు జరుగుతుంది. అదే సమయంలో 5.8 కోట్ల డిగ్రీల దగ్గర అయానులు అడ్డదిడ్డంగా పరిగెత్తడం వల్ల గీత 0.8 నానోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. అంటే బొద్దుగా ఉన్న గీత, తన వెడల్పులో నాలుగో వంతైనా జరగలేదు. గారె పొడవునా తిరిగే వేగం కాబట్టి అంతైనా కనిపిస్తోంది. గారె అడ్డకోత చుట్టూ పైకీ కిందికీ తిరిగే వేగం ఇంకా చాలా తక్కువ, సెకనుకి కొద్ది కిలోమీటర్లే, అక్కడ జరుగుదల 0.01 నానోమీటరు అటూ ఇటూ. సిద్ధాంతాన్ని గట్టిగా పరీక్షించాల్సింది సరిగ్గా అక్కడే, ఎందుకంటే ఆ దిశలో తిరగడాన్ని అయస్కాంత క్షేత్రమే అణిచేస్తుందనీ, మిగిలిన కాస్త వేగం వేడి ఎంత నిటారుగా పడిపోతోందో దాని మీద ఆధారపడుతుందనీ నియోక్లాసికల్ సిద్ధాంతం (సుడుల్ని పక్కన పెట్టి, కణాల గుద్దులాటల్ని మాత్రమే లెక్కపెట్టేది) చాలా స్పష్టంగా లెక్క కట్టి చెబుతుంది.

మరి కొలిస్తే? 2005లో ఇంగ్లాండ్‌లోని జెట్ యంత్రం వాళ్లు, లోపల వేడి బాగా నిలిచే ఒక ప్రత్యేక స్థితిలో, ఆ వేగం లెక్క కంటే ఎన్నో రెట్లు ఎక్కువుందని చెప్పారు. మరుసటి ఏడాది అమెరికాలో శాన్ డియాగోలోని డీ-త్రీ-డీ వాళ్లూ లెక్క కంటే ఎక్కువే అన్నారు. 2010లో ప్రిన్స్‌టన్‌లోని ఎన్ఎస్‌టీఎక్స్ వాళ్లు మాత్రం లెక్కకి దగ్గరగానే ఉందన్నారు. యంత్రాలూ వేరు, ప్లాస్మా స్థితులూ వేరు, కాబట్టి ఒకరిది తప్పని వెంటనే అనకూడదు. కానీ ఇక్కడ ఒక మోసం ఉంది, అది తెలుసుకోవాలి. నర్సాపురం రేవులో పంటు దిగేవాళ్లని అడిగి జనం అంతా సఖినేటిపల్లి వైపు నుంచే వస్తున్నారని రాసుకుంటే ఎలా ఉంటుంది? మనం నిలబడిన చోటే లెక్కని ఒక పక్కకి లాగేసింది. బీము పరమాణువు ఎలక్ట్రాన్ అప్పివ్వడం కూడా అలాంటిదే, బీముతో పోల్చి అయాను ఎంత వేగంగా పోతోందో దాన్ని బట్టి అప్పు దొరికే అవకాశం మారుతుంది. అందువల్ల ప్లాస్మా కదలకుండా ఉన్నా గీత జరిగినట్టు కనిపిస్తుంది. ఆ వెలుగు వచ్చేలోపు అయాను అయస్కాంతం చుట్టూ కాస్త తిరిగిపోతుంది కూడా, దాంతో అడ్డంగా ఉన్న తప్పు నిలువు వేగంలోకి దూరుతుంది. సెకనుకి రెండు మూడు కిలోమీటర్లు కొలవాలనుకుంటే ఈ దొంగ వేగమే అసలుని మింగేస్తుంది. ఎన్ఎస్‌టీఎక్స్ వాళ్లు పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి ఒకే చోటుని చూసి తేడా తీసుకున్నారు, అలా చేస్తే దొంగ భాగం చాలా వరకు కొట్టుకుపోతుంది. కొలత మీద ఇంత అనుమానపడే వాళ్లంటే నాకు గౌరవం.

ఇక నీ డౌట్. మా ఇంటి వెనక కాలవ వంతెన మీద నిలబడితే తూర్పు గాలి బాగా వీచే రోజున ఒక తమాషా కనిపిస్తుంది. గుర్రపుడెక్క గుంపులు నెమ్మదిగా ఎగువకి, లాకుల వైపుకి పోతుంటాయి. కొత్తవాళ్లు చూస్తే కాలవ వెనక్కి పారుతోందనుకుంటారు. వంతెన స్తంభం దగ్గర చూడు, నీళ్లు స్తంభాన్ని కోసుకుంటూ దిగువకే పోతున్నాయి. ఆకులు గాలికి తెరచాపలు, నీళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ప్లాస్మాలో కార్బన్ గుర్రపుడెక్క, డ్యుటీరియం నీళ్లు. లోపలి విద్యుత్ క్షేత్రం ఇద్దరికీ ఒకటే, కానీ పీడనం తగ్గే తీరు, ఆవేశం రెండూ వేరు కాబట్టి వేగాలు వేరవుతాయి. బీముతో గట్టిగా తిప్పేటప్పుడు ఈ తేడా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, వరద గోదారిలో డెక్కా నీళ్లూ కలిసే పోతాయి. బీము లేని మెల్లని తిరుగుడులో మాత్రం తేడా అసలు వేగమంత ఉంటుంది, ఒక్కోసారి దిశ కూడా తారుమారవుతుంది. అంటే కార్బన్‌ని చూసి డ్యుటీరియం సిద్ధాంతాన్ని పాస్ చేయడమో ఫెయిల్ చేయడమో రెండూ తప్పే.

నేరుగా డ్యుటీరియాన్నే చూడొచ్చు కదా అంటావు. దాని వెలుగు 656.1 నానోమీటర్ల ఎరుపు. కానీ బీము కూడా డ్యుటీరియమే, అంచున చల్లగా తిరిగే వాయువూ డ్యుటీరియమే, అందరూ అదే రంగు దగ్గర అరుస్తుంటారు. సంక్రాంతి కోడిపందేల బరి దగ్గర మైకు మోతలో ఒక్కడి గొంతు పట్టుకోవడం లాంటిది. డీ-త్రీ-డీ వాళ్లు ఏళ్లు తీసుకుని ఆ గొంతులన్నీ విడదీయడం నేర్చుకున్నారు.

ప్రశ్న: రిటైర్డ్ లెక్కల మాస్టర్ని, రావులపాలెం. ప్రయోగానికి లెక్క సరిపోయిందని చెబితే ఇక రుజువైనట్టే కదా. మళ్లీ మళ్లీ పరీక్షించడం దేనికి?
(ఒక పాఠకుడు)

జవాబు: మాస్టారూ, పుస్తకం వెనక జవాబు చూసి స్టెప్పులు అల్లే పిల్లాడికి మీరు మార్కులు వేసేవారా? ఇదీ అంతే. వేగం ముందే తెలిసిపోయాక, సమీకరణంలో రెండు మూడు సంఖ్యలు అటూ ఇటూ సర్ది గీత కలిపేయడం కష్టం కాదు. సిద్ధాంతం తప్పయ్యే అవకాశం ఉన్న చోట పరీక్ష పెట్టాలి. ఒక మంచి ఉదాహరణ చెబుతాను. డీ-త్రీ-డీలో బీములన్నీ ఒకే వైపు కొట్టేవి, తర్వాత వాటిలో కొన్నిటిని ఎదురు దిశకి తిప్పి పెట్టారు, అలా చేస్తే ఒకదాని తోపు ఇంకోదానితో కొట్టుకుపోయి వేడి మాత్రం మిగులుతుంది. తోపు వస్తోందేమోనన్న సాకు పోయింది. 2017లో బయటికొచ్చిన పనిలో ఇంకో మెట్టు ఎక్కారు: ఎలక్ట్రాన్లని నేరుగా వేడి చేస్తూ పోతే, ఒక హద్దు దాటాక మధ్యలో సమంగా ఉన్న వేగం తగ్గి గుంట పడింది, అన్నిటికంటే ఎక్కువ వేగం ఉండే చోటు పక్కకి జరిగింది. కొలిచింది డ్యుటీరియాన్నే, గుర్రపుడెక్కని కాదు. అటు ప్రిన్స్‌టన్ వాళ్లు సూపర్ కంప్యూటర్ మీద సుడుల్ని లెక్క కట్టి, ఆ సుడుల మిగులు తోపుని బ్యాలెన్స్ సమీకరణంలో వేస్తే అదే గుంట, అదే చోట, దాదాపు అంతే లోతుతో వచ్చింది. గుంట అనేది సర్దుబాటుతో తెచ్చేది కాదు, అందుకే ఈ పోలిక నాకు గట్టిగా అనిపిస్తుంది.

అయినా సరిపోదు. స్విట్జర్లాండ్‌లోని టీసీవీ యంత్రంలో సాంద్రతని ఒక హద్దు దాటించగానే ప్లాస్మా తిరిగే దిశే మారిపోయింది, పోటు వచ్చినప్పుడు కాలవలో నీరు వెనక్కి తిరిగినట్టు. సీ-మాడ్‌లోనూ అలాంటిదే చూశారు. ఒక స్థితిలో సరిపోయిన లెక్క ఈ తారుమారుని కూడా, ఏ సాంద్రత దగ్గర జరుగుతుందో సహా, ముందే చెప్పగలగాలి. మాస్టారు మీరైతే పాస్ మార్కులు వేసి, ఫస్ట్ క్లాసు మాత్రం ఆపేస్తారనుకుంటాను.

ప్రశ్న: మన దేశంలో ఇవేమైనా చేస్తున్నారా, లేక చదివి సంతోషించడమేనా?
(తాడేపల్లిగూడెం నుంచి)

జవాబు: చేస్తున్నారండి. గాంధీనగర్ దగ్గర ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య అనే టోకమాక్ 1989 నుంచి ఉంది, దాన్ని మార్చి కట్టిన ఆదిత్య-యు 2016లో మొదలైంది, అతివాహక అయస్కాంతాలతో ఎస్ఎస్‌టీ-1 కూడా ఉంది. ఐటర్‌ని కప్పి అయస్కాంతాల చలిని కాపాడే పెద్ద ఉక్కు పాత్ర, అంటే క్రయోస్టాట్, భాగాలు గుజరాత్‌లోని హజీరాలో తయారై ఓడ ఎక్కాయి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి, రాజోలు. సైన్స్ ఫేర్‌కి దీని మీద ఏదైనా చేయొచ్చా?

జవాబు: ప్లాస్మా వద్దు నాన్నా, కాలవ చాలు. రెండు ఒకే సైజు ప్లాస్టిక్ సీసాలు తీసుకో. ఒకటి ఖాళీగా మూత బిగించు. రెండోది నీళ్లతో నింపు, మూత మాత్రమే పైకి తేలేటంత గాలి ఉంచు. రెండిటికీ పొడవాటి పురికోస కట్టి, పెద్దవాళ్లని ఎవరినైనా వెంట పెట్టుకుని, గాలి గట్టిగా ఉన్న రోజు వంతెన మీద నుంచి ఒకేసారి వదులు, నిమిషానికి ఒక్కొక్కటి ఎంత దూరం పోయిందో రాసుకో. గాలి ఎటు వీచిందో కూడా రాయాలి, అది రాయకపోతే నీ పట్టిక ఎందుకూ పనికిరాదు. తర్వాత సీసాలు వెనక్కి లాగేసుకో, కాలవలో ఇప్పటికే ఉన్నవి చాలు.